నడచుచున్న కంప్యూటరునుండి ప్రాసెసరును తొలగించుట

నడచుచున్న బండికి చక్రమూడదీయుట ఎవరును తలపెట్టరు. కాని నడచుచున్న కంప్యూటరునుండి, అది చేయుచున్న పని నాపకయే, దాని ప్రాసెసర్లలో నొకదానిని తప్పించుట చాల యేండ్లుగా జరుగుచున్నది. ప్రాసెసరనగా కంప్యూటరులో ఆజ్ఞలను చదివి అమలు జరుపు భాగము. ఒకప్పుడు యంత్రమున కొక్కటే యుండెడిది. నేడు మన చేతి ఫోనులలోనే ఎనిమిదింటిని చూచుచున్నాము. పెద్ద యంత్రములలో వందలకొలది యుండును. ఒక్కటే యున్నచోట అది తప్పుకొన్నచో యంత్రమే లేదు. పలువురున్నచోట ఒకరు తప్పుకొనవచ్చును. ఎట్లు తప్పుకొనవలెననునదియే ప్రశ్న.

అసలెందుకు తొలగింపవలెను? బ్యాంకుల జమాఖర్చులు, రైలు టిక్కెట్లు చూచు యంత్రములను ఆపుటకు వేళ దొరకదు. ప్రాసెసరులో నిమిడియున్న చిన్న మెమొరీలో అప్పుడప్పుడొక అంకె తారుమారగుట కలదు. మంచి యంత్రము దానిని తానే కనిపెట్టి దిద్దుకొని, దిద్దితినని చిట్టాలో వ్రాసికొనును. అట్టి దిద్దుబాట్లు ఒకే ప్రాసెసరు పేర మాటిమాటికి కనబడజొచ్చినచో, రేపో మాపో అది దిద్దరాని తప్పు చేయునని శంకింపవలెను. ఆ తప్పు నడుమ యంత్రము కూలిపోవచ్చును. లేదా, అంతకన్న చెడుగా, ఎవరి ఖాతాలోనో అంకె మారిపోయి యంత్రము చక్కగా నడచుచునే యుండవచ్చును. కనుక అనుమానము కలిగిననాడే దానికి పని తప్పించుట మేలు.

ఈ విద్యలో పేరుపొందిన యంత్రమొకటి 1997లో వచ్చెను. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారి ఎంటర్‌ప్రైజ్ 10000 అది. అందు 16 బోర్డులు, బోర్డునకు 4 చొప్పున 64 ప్రాసెసర్ల వరకు పట్టెడివి. యంత్రము నడచుచుండగనే ఒక బోర్డును బయటకు తీయవచ్చును. ఇందలి కష్టము ప్రాసెసర్లతో గాక, ఆ బోర్డుమీదనే యున్న మెమొరీతో వచ్చెడిది. అందలి సమాచారమునంతయు ముందుగా ఇతర బోర్డులకు తరలింపవలెను. నిర్వాహక ప్రోగ్రామైన సోలారిస్ తన సొంతమునకు ఉంచుకొన్న భాగము ఆ బోర్డుమీదనే ఉన్నచో, ఆ తరలింపు జరుగునంతసేపు యంత్రపు పనులన్నిటిని స్తంభింపజేయవలసి వచ్చెడిది. ఐబిఎం సంస్థవారి మెయిన్‌ఫ్రేములది మరియొక మార్గము: కొన్ని ప్రాసెసర్లను పనియప్పగింపక కాపుగా నుంచి, ఒకటి చెడినపుడు దాని స్థితిని కాపుదానికి ఎక్కింతురు. నడచుచున్న ప్రోగ్రామునకు ఆ మార్పు తెలియనే తెలియదు.

నేడు విరివిగా వాడుకలోనున్న లినక్సులో ఈ పని చూచుటకు చాల స్వల్పము. తొలగించుటకు వీలున్న ప్రతి ప్రాసెసరునకును ‘ఆన్‌లైన్’ అను పేరుతో చిన్న ఫైలొకటి యుండును. అందు 1 అని యుండును. దానికి బదులు 0 వ్రాసినచో చాలును. ఆ సున్న వెనుక జరుగు తతంగము మాత్రము స్వల్పము కాదు.

పెండ్లిపంక్తిలో నలుగురు వడ్డించుచున్నారనుకొందము. అందొకడు తప్పుకొనవలెను. గరిటె క్రిందబెట్టి పోయినచో వాని వరుసలోనివారు విస్తళ్లముందు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. మొదట వానికి క్రొత్త వరుసలు ఒప్పగించుట మానవలెను. లినక్సును అట్లే, పనులు పంచు పట్టికనుండి ఆ ప్రాసెసరు పేరును తీసివేయును. కాని పేరు తీసినంతమాత్రమున చాలదు. తీయుటకు క్షణము ముందు పాత పట్టికను చూచినవారు, ఇంకను ఆ ప్రాసెసరున్నదను నమ్మకముతో దానికే పని పంపుచుందురు. అట్టివారందరు తమ పని ముగించువరకు వేచియుండవలెను. ఈ మెలకువ విడిచినచో తప్పు నూటికి తొంబదితొమ్మిది మారులు బయటపడదు. నూరవమారు యంత్రము కూలిపోవును. కారణము వెదకుట అప్పుడు బ్రహ్మప్రళయము.

తరువాత దానిమీద నున్న పనులు ఒక్కొక్కటిగా ఇతర ప్రాసెసర్లకు పోవును. అన్నియు పోయినపిదప యంత్రములోని ప్రాసెసర్లన్నియు ఒక లిప్తపాటు నిలుచును. ఆ లిప్తలో వెళ్లునది తనను ఉన్నవారి పట్టికనుండి తానే తొలగించుకొని, డిస్కులనుండియు నెట్‌వర్కునుండియు తనకు వచ్చు పిలుపులను, అనగా ఇంటరప్టులను, ఇతరుల దారికి మరల్చును. పిమ్మట మెల్లగా నిద్రలోనికి జారును. ఫలానా వేళకు చేయుమని గడియారమునకు ఒప్పగించిన పనులు దానికింకను మిగిలియున్నచో, మిగిలిన ప్రాసెసరొకటి వానిని స్వీకరించును.

పూర్వము లినక్సులోని ప్రతి విభాగమును ఈ వార్త విని ఎవరికి తోచిన రీతిని వారు సర్దుకొనెడివారు. ఎవరు ముందో ఎవరు వెనుకో తేలక చిక్కులు పుట్టెడివి. 2016లో థామస్ గ్లైక్స్‌నర్ మొదలగువారు ఆ పద్ధతిని మార్చి, మెట్లవరుసగా కూర్చిరి. ప్రాసెసరు పనిలోనికి వచ్చునపుడు ఏ మెట్టు తరువాత ఏ మెట్టు ఎక్కునో, పోవునపుడు సరిగా దానికి తలక్రిందుగా దిగును. పైమెట్లమీద నుండగా ఏ విభాగమైనను వలదన్నచో, దిగిన మెట్లు మరల ఎక్కి యథాస్థానము చేరవచ్చును. ఇతర ప్రాసెసర్లు నిలిచిన ఆ లిప్తలో మాత్రము వలదనుటకు వీలులేదు. కనుక అభ్యంతరములన్నియు అంతకు ముందే తేలవలెను.

ఇచట మాకొక అభిప్రాయభేదము కలదు. ఒక్కొక్క పనిని ఫలానా ప్రాసెసరుమీదనే నడువవలెనని యజమాని కట్టివేసి యుండవచ్చును. అట్టి పనులున్నచో సోలారిస్ తొలగింపునకు ఒప్పుకొనదు. బలవంతముగా చెప్పినగాని కట్లు విప్పదు. లినక్సు సాధారణముగా తానే కట్లు విప్పి పనిని వేరుచోటికి పంపివేయును. మాకు సోలారిస్ పద్ధతియే మెచ్చదగినదిగా తోచుచున్నది: కట్టినవాడు ఏదో కారణము చేతనే కట్టియుండును గదా! గడువులోపల తీరవలసిన పనులకు మిగిలినవారి శక్తి చాలదని తేలినపుడు లినక్సును కాదనును. చిట్టచివరి ప్రాసెసరును అసలే వదలదు. ఇంటెల్ జాతి యంత్రములలో మొట్టమొదట మేల్కొను సున్నవ ప్రాసెసరును తొలగించు వీలును 2013లో కల్పించి, 2023లో తీసివేసిరి. యంత్రము నిద్రనుండి లేచుట మున్నగు పనులు దానిమీదనే ఆధారపడియున్నవి.

ఈ మాటలు విని ఎవరును ఇంటి కంప్యూటరు మూత విప్పరాదు. సున్న వ్రాసినపుడు ప్రాసెసరు పనిలోనుండి తప్పుకొనునే గాని గూటిలోనుండి ఊడిరాదు. విద్యుత్తు ఇంకను అందు ప్రవహించుచునే యుండవచ్చును. చేతితో తీయుట అందుకై నిర్మింపబడిన పెద్ద యంత్రములకే చెల్లును. నేడు ఈ తొలగింపు ఎక్కువగా జరుగునది, ఒక యంత్రములో పలు యంత్రములున్నట్లు ప్రోగ్రాములతో కల్పించు చోట్ల. అచటను బయటివాడు తొలగింపుమని అడుగును; లోపలి నిర్వాహక ప్రోగ్రాము ఖాళీ చేసి సరేననవలెను. అది అననంతవరకు ప్రాసెసరు కదలదు.

లినక్సుతో నడచు ల్యాప్‌టాప్ మీ యింట నున్నచో, దానిని గాఢనిద్రకు పంపిన ప్రతిమారు మేము చెప్పినదంతయు జరుగును. సున్నవది తప్ప తక్కిన ప్రాసెసర్లన్నియు వరుసగా ఈ మెట్లే దిగును. మేలుకొల్పినపుడు ఒక్కొక్కటిగా మరల ఎక్కును.