చాపెల్ హిల్‌లో పుట్టిన ‘బ్రిక్’

నార్త్ కరొలైనాలోని మోరిస్‌విల్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ సమావేశంలో ఈసారి ఒక రాక్ పాట గురించి చెబుతాను. పాట పేరు ‘బ్రిక్’, బ్యాండ్ పేరు బెన్ ఫోల్డ్స్ ఫైవ్. మా ఊళ్ళో 54వ నంబరు రోడ్డుకి చాపెల్ హిల్ రోడ్డని పేరు. కూరగాయలకి వెళ్ళినా, పిల్లల్ని క్లాసులకి దింపినా అదే రోడ్డు. దాన్ని పట్టుకుని పడమటికి వెళ్తే అరగంటకి అటూ ఇటూగా చాపెల్ హిల్ వస్తుంది. ఆ పాట అక్కడి మనుషులది. మన ఇంటి పక్క సాహిత్యం కిందే నేను దాన్ని లెక్కేస్తాను.

పేరులో ఐదు ఉన్నా వాళ్ళు ముగ్గురే. పియానో వాయిస్తూ పాడేది బెన్ ఫోల్డ్స్, బాస్ రాబర్ట్ స్లెడ్జ్, డ్రమ్స్ డారెన్ జెస్సీ. 1993లో చాపెల్ హిల్‌లో జట్టుకట్టారు. గిటారు లేదు! నిర్వాణా బ్యాండ్ పాటలతో అమెరికా కుర్రకారంతా గిటార్లు కొనుక్కుంటున్న కాలంలో వీళ్ళు బరువైన పియానోని క్లబ్బుల మెట్లెక్కించారు. రెండో ఆల్బమ్ ‘వాటెవర్ అండ్ ఎవర్ ఆమెన్’ 1997 మార్చిలో వచ్చింది. వెనక సోనీ వారి 550 మ్యూజిక్ కంపెనీ ఉన్నా, పెద్ద స్టూడియోకి పోకుండా బెన్ ఉంటున్న ఇంట్లోనే, కేలబ్ సదర్న్ ప్రొడ్యూసర్‌గా రికార్డు చేసుకున్నారు. అందులో వేరే పాట మధ్యలో ఇంట్లో ఫోను మోగుతుంది. తీసెయ్యకుండా అలాగే ఉంచేశారు. నాకు ఆ ఫోను మోత చాలా ఇష్టం.

ఇక ‘బ్రిక్’. బెన్ హైస్కూల్లో ఉండగా అతని స్నేహితురాలు గర్భవతి అయింది. ఇద్దరూ పెద్దవాళ్ళకి చెప్పకుండా గర్భస్రావానికి వెళ్ళారు. పాట ముఖ్యంగా ఆ ఒక్క పొద్దుటిది. క్రిస్మస్ మర్నాడు, తెల్లవారుజామున ఆరు గంటలు, చలి. ఆమెని లోపలికి పిలుస్తారు. కుర్రాడు బయట పార్కింగ్ లాట్‌లో పచార్లు చేస్తాడు. పండక్కి వచ్చిన కానుకలు కొన్ని అమ్ముతాడు, ఆమెకి పువ్వులు కొంటాడు. చరణాల్లో ఎక్కువ భాగం ఇంతే. ఎక్కడా ‘గర్భస్రావం’ అన్న మాట రాదు. టైము చెబుతాడు, చోటు చెబుతాడు, చేతులు ఏం చేస్తున్నాయో చెబుతాడు. కానుకలమ్మి పువ్వులు కొన్న ఆ పని దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది. చేతకాని వయసు, చెయ్యాలన్న తపన, రెండూ అందులోనే ఉన్నాయి. మన కథకులు పేజీలు పేజీలు మథనపడి రాసేదాన్ని ఆ కుర్రాడు కొన్ని పనుల్లో పెట్టేశాడు.

పల్లవి బెన్‌ది కాదు, డ్రమ్స్ వాయించే డారెన్‌ది. చరణాలు ఒకరివీ పల్లవి మరొకరిదీ అయితే అతుకు కనబడుతుందనుకుంటాం. ఇక్కడ ఆ అతుకే పాటకి ప్రాణం పోసింది. చరణం వార్తలా నడుస్తుంది, పల్లవికి వచ్చేసరికి కాళ్ళ కింద నేల ఉండదు. రాబర్ట్ నిలువెత్తు బాస్ మీద కమాను లాగుతుంటే పియానో పెద్దగా గొంతెత్తదు. తర్వాతెప్పుడో బెన్ విడమరిచి చెప్పాడు: రాజకీయంగా ఏదో ప్రకటించాలని రాయలేదట, ఆ రోజు ఎలా అనిపించిందో అంతవరకే చెప్పాలనుకున్నాడట. గర్భస్రావం మాటెత్తితే ఊళ్ళు రెండుగా చీలిపోయే దేశంలో ఆ పాట రేడియోలో రోజంతా తిరిగిందంటే ఆ నిగ్రహమే కారణమని నా నమ్మకం.

చార్టు సంగతీ చెప్పాలి. 1997 చివర్లో ‘బ్రిక్’ సింగిల్‌గా రేడియోలకి వచ్చింది. బిల్‌బోర్డ్ మోడరన్ రాక్ జాబితాలో 6వ స్థానం దాకా, అన్ని రకాల పాటల రేడియో జాబితాలో 19 దాకా వెళ్ళింది. బ్రిటన్‌లో 26. కానీ అందరూ చూసే ‘హాట్ 100’లో మాత్రం ఎక్కలేదు. అప్పటి నియమం ప్రకారం షాపులో సింగిల్‌గా అమ్మకానికి పెడితేనే ఆ జాబితాలో చోటు. ఒక్క పాట కోసం జనం మొత్తం ఆల్బమ్ కొంటారని కంపెనీలు చాలా పాటలకి అమెరికా షాపుల్లో సింగిల్ అమ్మేవి కావు. నో డౌట్ బ్యాండ్ వాళ్ళ ‘డోంట్ స్పీక్’ రేడియోలో 16 వారాలు మొదటి స్థానంలో ఉండి కూడా హాట్ 100లో లేదు. 1998 డిసెంబరులో ఆ నియమం తీసేశారు. ఈ పాటలకి అది అక్కరకి రాలేదు. 1998 జనవరిలో ముగ్గురూ ‘సాటర్డే నైట్ లైవ్’ టీవీ షోలో వాయించారు. ఆల్బమ్ ప్లాటినం అయింది, అంటే పది లక్షల కాపీలు.

నాకు ఈ పాటతో ఒక పేచీ ఉంది. పల్లవిలో ఆ అమ్మాయి అతన్ని ముంచేసే ఇటుక. లోపల గదిలో ఉన్నది ఆమె, మునిగిపోతున్నానంటున్నది ఇతను. ఆ వయసు కుర్రాడి స్వార్థాన్ని దాచకుండా పాడాడని మెచ్చుకుంటాను. అయినా ఆమె నోట ఒక్క మాట లేదు. మన రచయిత్రి ఓల్గా ‘రాజకీయ కథలు’ చదివిన వాళ్ళకి ఈ లోటు ఇంకా గట్టిగా తగులుతుంది. అక్కడ స్త్రీ శరీరం గురించి స్త్రీయే మాట్లాడుతుంది. ఆ క్రిస్మస్ మర్నాటి పొద్దుటిని ఆమె వైపు నుంచి తెలుగులో ఎవరైనా కథగా రాస్తే చదవాలని నాకు చాలా కోరికగా ఉంది. ఈ సమావేశంలో రాయగలవాళ్ళు ఉన్నారు కాబట్టే అడుగుతున్నాను.

ఇక మీ మాటలు వింటాను.