బొగ్గు గనుల దగ్గర మిగిలిన స్టీమింజన్లు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. సంగతులు కోశాధికారి గారు చెప్పేశారు గనుక, కార్యదర్శి గారు నన్ను ఏదైనా వేరే సంగతి మాట్లాడమన్నారు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, స్టీమింజను. అయితే మన షెడ్డు కథలు మనకు కొత్త కాదు. అందుకని ఈ రోజు చైనా బొగ్గు గనుల్లో పనిచేసిన చివరి ఇంజన్ల గురించి చెబుతాను. నేను చైనా వెళ్లలేదు. చదివినదాన్నీ, ఫిల్ముల్లో చూసినదాన్నీ కాజీపేటలో పార పట్టిన అనుభవంతో సరిచూసుకుని చెబుతున్నాను.

మన చిత్తరంజన్‌లో స్టీమింజన్ల తయారీ 1972లో ఆగిపోయింది. బ్రాడ్‌గేజి మీద వాటి సర్వీసు 1995 డిసెంబరుతో సరి. మనలో చాలామంది ప్రపంచమంతటా కథ అక్కడితో ముగిసిందనుకున్నాం. చైనాలో అలా కాదు. దాతోంగ్ కర్మాగారంలో 1988 దాకా మెయిన్ లైను ఇంజన్లు తయారయ్యాయి. తాంగ్‌షాన్ కర్మాగారంలో గనులకూ ఫ్యాక్టరీలకూ పనికొచ్చే ఎస్.వై. తరగతి ఇంజన్లు 1999 దాకా తయారయ్యాయి. మనవాళ్లు మన ఇంజన్లను ముక్కలు చేసి తుక్కు కింద వేలం వేస్తున్న రోజుల్లో అక్కడ కొత్త ఇంజను రంగు ఆరీ ఆరకముందే గనికి బయల్దేరుతోందన్నమాట!

ఈ తాంగ్‌షాన్ సంగతి కొంచెం చెప్పాలి. 1881లో అక్కడి కైపింగ్ బొగ్గు గనుల కోసం పది కిలోమీటర్ల లైను వేశారు. ఇంజను వద్దు, కంచరగాడిదల చేత లాగించండి అన్నది ప్రభుత్వం వారి షరతు. కిండర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఊరుకోలేదు. గనిలో పడి ఉన్న పాత వైండింగు యంత్రం బాయిలరు, తుక్కు కింద కొన్న చక్రాలు, గనిలో వాడే ఇనుప చానళ్లు పోగుచేసి చడీచప్పుడు లేకుండా ఒక ఇంజను కట్టాడు. 'రాకెట్ ఆఫ్ చైనా' అని పేరు పెట్టారు. షెడ్డులో తుక్కు సామానుతో పని గడిపేసిన మన ఫిట్టర్లు ఎందరో నాకు గుర్తొచ్చారు. అలా చైనా స్టీమింజను బొగ్గు గని దగ్గరే పుట్టింది. చివరి ఇంజన్లు తయారైనదీ ఆ ఊళ్లోనే. మధ్యలో 1976 భూకంపంలో ఆ ఊరు నేలమట్టమైతే కర్మాగారాన్ని మళ్లీ నిలబెట్టుకున్నారు.

మెయిన్ లైను మీద చివరిదాకా నిలిచింది ఇన్నర్ మంగోలియాలోని జీతోంగ్ రైల్వే. 945 కిలోమీటర్ల ఆ లైను మీద క్యు.జె. తరగతి ఇంజన్లు 2005 డిసెంబరు వరకూ కొండలెక్కాయి. క్యు.జె.కి మెకానికల్ స్టోకరు ఉంది. అంటే బొగ్గు మరే వేస్తుంది, ఫైర్‌మన్ నడుము విరగదు. మనకా భాగ్యం లేదు. గనుల్లో తిరిగిన ఎస్.వై.లకూ, జె.ఎస్.లకూ మాత్రం పారే గతి. ఈ రెండూ మన డబ్ల్యు.జి. లాగే మికాడోలు. ముందు రెండు, మధ్యన ఎనిమిది, వెనక రెండు చక్రాలు. మన డబ్ల్యు.జి. డ్రైవరును తీసుకెళ్లి అక్కడ ఎక్కిస్తే రెగ్యులేటరు వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదనుకుంటాను. ఒక్క తేడా, అక్కడి చలికి క్యాబు చుట్టూ మూసి తలుపులు పెట్టుకున్నారు. మే నెలలో మనం వాటిలో వేగిపోయేవాళ్లం!

2005 తర్వాత కూడా గనులు వీటిని ఎందుకు ఉంచుకున్నాయి? వెనకబాటుతనం అన్నారు కొందరు, పాతవాటి మీద మోజు అన్నారు మరికొందరు. రెండూ కాదని నా అభిప్రాయం. అదంతా లెక్క. బొగ్గు కాలి కిందే ఉంది. ఇంజన్లు చాలా వరకు 1980ల్లోనూ ఆ తర్వాతా తయారైనవి, ఇంకా వయసు మళ్లలేదు. కొత్త డీజిలు కొనాలంటే పెద్ద మొత్తం పోయాలి. స్టీమింజను రిపేరు గని వర్క్‌షాపులోనే అవుతుంది, కూలీ తక్కువ. ఓపెన్‌కాస్టు గనిలో తవ్వకం జరిగేకొద్దీ పట్టాలు జరుపుతూ ఉండాలి. కరెంటు తీగలు కూడా వాటి వెంట జరపాలి. కొన్ని గనుల్లో ఆ పనీ చేశారు గానీ సులువు కాదు. పైగా గని రాత్రింబవళ్లు నడుస్తుంది. స్టీమింజనుకు కావలసింది అదే. చల్లారిన ఇంజనును లైటప్ చేసి స్టీము తెప్పించడానికి ఎన్ని గంటలు పడుతుందో మీకు చెప్పాలా? ఆరకుండా ఉంటేనే దానికి సుఖం.

చివరికి అందరి కళ్లూ పడిన చోటు సాన్‌దావోలింగ్. షిన్‌జియాంగ్‌లో హామి ప్రాంతపు ఎడారి, దూరంగా తియాన్‌షాన్ మంచు కొండలు, మధ్యలో పెద్ద ఓపెన్‌కాస్టు గని. జె.ఎస్. ఇంజన్లు లోతు నుంచి టిప్పింగు వ్యాగన్లను పైకి లాగేవి. చలికాలంలో దేశదేశాల ఫోటోగ్రాఫర్లు అక్కడికి వెళ్లి వణుకుతూ కాచుకునేవారు. చీకటి పడ్డాక చిమ్నీ లోంచి నిప్పురవ్వలు చింతచెట్టంత ఎత్తున లేస్తుంటే తీసిన ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. దూరపు కొండలు నునుపు. ఫైర్‌మన్ కళ్లతో చూస్తే ఆ రవ్వలేమిటి? లోడుతో గ్రేడియంటు ఎక్కుతున్నప్పుడు రెగ్యులేటరు పూర్తిగా తెరిస్తే బ్లాస్టు లాగిన లాగుడికి సన్న బొగ్గు కాలీ కాలకుండా ట్యూబుల్లోంచి పోతుంది. అంటే తాను చెమటోడ్చి వేసిన బొగ్గే ఆకాశంలోకి పోతోంది! మామూలుగానే స్టీమింజను బొగ్గు వేడిలో నూటికి పది పాళ్లు కూడా పనికి మార్చదు. ఆ ఫోటోలు చూసి మా మనవడు అద్భుతం అన్నాడు. నాకు మాత్రం పారే గుర్తొచ్చింది.

లెక్క మారింది, ఇంజను పోయింది. 2000 తర్వాత బొగ్గు ధర పెరిగింది. సొంత బొగ్గు ఊరికే వచ్చేదేమీ కాదు, కాల్చిన ప్రతి టన్నూ అమ్ముకోని టన్నే అని అకౌంట్ల వాళ్లు గ్రహించారు. కూలీ రేట్లు పెరిగాయి. లారీలు, కన్వేయరు బెల్టులు, పాత డీజిళ్లు వచ్చాయి. కొన్నిచోట్ల బొగ్గే అయిపోయింది. ఫూషిన్‌లోని హైజోవ్ గని 2005లో మూతపడింది. సాన్‌దావోలింగ్ మాత్రం 2020 దాటిందాకా లాక్కొచ్చింది. సిచువాన్‌లోని జియాయాంగ్ గని చిన్న లైను అదృష్టం వేరు. 1959లో వేసిన ఆ లైనుది 762 మిల్లీమీటర్ల గేజి. మన నౌపడా-గుణుపూరు లైనుది కూడా ఒకప్పుడు అదే. రోడ్డు లేని కొండ ఊళ్ల వాళ్లు కూరగాయలూ పందిపిల్లలూ వేసుకుని ఆ బండిలోనే సంతకు వెళ్లేవాళ్లు. అది పర్యాటకుల బండిగా మారి బతికిపోయింది.

నన్ను బాధించే విషయం మరొకటి ఉంది. ఈ ఇంజన్ల గురించి విదేశీ ఔత్సాహికులు రాసినవి చదివాను. ఏ నంబరు ఇంజను ఏ ఏడు తయారైంది, ఏ షెడ్డులో ఉంది, ఎప్పుడు ఓవర్‌హాలుకు వెళ్లింది, అన్నీ ఉన్నాయి. ఎంత శ్రద్ధో! కానీ నేను చూసినంత మేరకు క్యాబులో ఉన్న మనిషి పేరు ఒక్కచోటా కనపడలేదు. ఫోటోలో కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూస్తుంటాడు. కింద ఇంజను నంబరు రాస్తారు. ఆ గ్రేడియంటు మీద ఎక్కడ డ్యాంపరు దించాలో, తడి బొగ్గుకు మంట ఎలా పరవాలో వాడికే తెలుసు. అది ఎక్కడా కాగితం మీదికి ఎక్కలేదు.

మన సంగతీ అంతే. స్టేషన్ల ముందు దిమ్మల మీద నిలబెట్టిన ఇంజన్లకు బోర్డులున్నాయి, వాటిని నడిపినవాళ్ల పేర్లు లేవు. స్టీము మీద పనిచేసినవాళ్లు ఈ హాల్లో చేతులెత్తితే ఇందాక పదకొండు లెక్క తేలింది. కార్యదర్శి గారి టేబుల్ మీద రెండు వందల పేజీల రిజిస్టరు పెట్టించాను. పేరు, షెడ్డు, చేరిన సంవత్సరం, చేసిన లింకులు, గురువు గారి పేరు రాయండి. చెయ్యి వణికేవాళ్లు చెబితే మా కోడలు రాస్తుంది. ఆమె భోజనాలయ్యేదాకా అక్కడే కూర్చుంటుంది.