చేతిలో మడిచిన కాగితం

గ్రంథాలయ, సమాచార శాస్త్రంలో పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ నా అభినందనలు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు నేను ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేశాను. ఒక మధ్యాహ్నం నడివయసు దాటినావిడ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి, "డాక్టరు పుస్తకం ఏదన్నా ఉందా అమ్మా?" అని అడిగారు. ఉందన్నాను. బీరువాలోంచి గృహవైద్యం పుస్తకం తీసి చేతికిచ్చాను. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, బొమ్మలున్న పేజీలు కాసేపు తిప్పి, పుస్తకం అక్కడే పెట్టి వెళ్లిపోయారు. సాయంత్రం తలుపులు వేస్తుంటే మా అటెండరు అన్నాడు: "ఆమెకు చదవడం రాదు మేడమ్. పిడికిట్లో ఆసుపత్రి చీటీ మడిచి పెట్టుకుంది. ఎవరన్నా చదివి చెబుతారేమోనని వచ్చింది." అతను చూశాడు. నేను చూడలేదు. అడిగిన పుస్తకం ఇచ్చాను కదా, నా పని అయిపోయిందనుకున్నాను. మర్నాడే నా కుర్చీని కౌంటర్ వెనక నుంచి తలుపు పక్కకు మార్పించుకున్నాను. ఆవిడ మళ్లీ రాలేదు.

నిన్న సాయంత్రం మీలో కొందరు అతిథి గృహానికి వచ్చి నన్నొక ప్రశ్న అడిగారు: "మేడమ్, ఈ చదువుకు ఉద్యోగాలున్నాయా?" రాత్రంతా దానికి జవాబు వెతుక్కుంటుంటే నాకు ఆవిడే గుర్తొచ్చారు. ఎందుకో చెబుతాను. ముందు మీరడిగినదానికి సూటిగా జవాబు చెప్పాలి.

లైబ్రేరియన్ అని బోర్డు మీద రాసి ఉండే పోస్టులు తక్కువ. పౌర గ్రంథాలయాల్లో ఖాళీలు ఏళ్ల తరబడి ఖాళీలుగానే ఉంటున్నాయి. ఒకే మనిషి రెండు శాఖలు చూసుకోవడం, కాంట్రాక్టు మీద తక్కువ జీతానికి నెట్టుకురావడం మీ సీనియర్లకు అనుభవమే. ఇది న్యాయం కాదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే గ్రంథాలయంలో శిక్షణ పొందిన మనిషి ఒకరుండాలని అడిగే హక్కు కట్టేవాళ్లకుంది. మీరూ అడగండి. ఒంటరిగా కాకుండా సంఘంగా అడగండి.

విశ్వవిద్యాలయాలు, కాలేజీల పోస్టులకు మాస్టర్స్‌లో 55 శాతం మార్కులు, సాధారణంగా నెట్ లేదా సెట్ అర్హత కావాలి. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, గురుకులాలు, సీఎస్ఐఆర్, డీఆర్‌డీఓ, ఇస్రో లాంటి శాస్త్ర సంస్థలు ఉన్నాయి. ఇవన్నీ మీ నోటీసు బోర్డు మీద ఉన్నవే. రాయండి, పట్టుదలగా రాయండి. నేను మాట్లాడదలచుకున్నది నోటీసు బోర్డుకెక్కని పని గురించి.

మన చదువుకు అసలు పేరు 'దొరకడం'. ఒక వస్తువు ఉంటుంది, దాని అవసరం ఉన్న మనిషీ ఉంటారు, ఆ రెంటికీ మధ్య దారి ఉండదు. ఆ దారి వెయ్యడం నేర్పే చదువు మనది; చీటీ పట్టుకుని వచ్చిన ఆవిడకు ఆ రోజు నేను వెయ్యనిది ఆ దారే. ఉన్నది దొరక్క జనం అవస్థ పడేచోటల్లా మన పని ఉంది.

మన తెలుగు సంగతే చూడండి. గుడిపాటి వెంకటచలం పుస్తకాలు ఒక కేటలాగులో చలం కింద ఉంటాయి, ఇంకోదాంట్లో గుడిపాటి కింద, మరోదాంట్లో వెంకటచలం కింద. శ్రీశ్రీ అని వెతికితే శ్రీరంగం శ్రీనివాసరావు పేరుతో ఎక్కించినవి రావు. ఆరుద్ర కోసం వచ్చిన కుర్రవాడికి భాగవతుల సదాశివశంకర శాస్త్రి పేరు ఎలా తడుతుంది? మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది. ఇంగ్లీషు పేర్ల కోసం రాసిన సాఫ్ట్‌వేర్ చివరి మాటను ఇంటిపేరనుకుని ముందుకు లాగుతుంది. దాంతో విశ్వనాథ సత్యనారాయణ గారు సత్యనారాయణల వరసలోకి వెళ్లి, ఆ పేరున్న వందలమందిలో కలిసిపోతారు. రోమన్ లిపిలో మరో చిక్కు: లక్ష్మిని ఒకరు 'కె, ఎస్, హెచ్'లతో రాస్తారు, మరొకరు 'ఎక్స్'తో రాస్తారు. ఒకే రచయిత పేర్లన్నిటినీ ఒకచోట కలిపే పట్టిక, అథారిటీ ఫైల్ అని మీరు పరీక్ష కోసం చదివింది, దీనికి మందు. తెలుగు రచయితల పేర్లకు అలాంటి పట్టిక శ్రద్ధగా తయారుచేసేవాళ్లు ఎందరు కావాలో లెక్కలేదు. ఆ పని విదేశీయుడు చెయ్యలేడు. కంప్యూటరు ఒక్కటే చెయ్యలేదు. ఇంటిపేరు ఏదో, ఊరి పేరు ఏదో, కలం పేరు ఏదో తెలిసినవాళ్లే చెయ్యాలి.

పాత పుస్తకాల తేదీలూ అంతే. ముఖపత్రం మీద 'ప్రభవ' అని మాత్రమే ఉందనుకోండి. అరవై ఏళ్లకొకసారి తిరిగొచ్చే పేరది. 1867-68 కావచ్చు, 1927-28 కావచ్చు, 1987-88 కూడా కావచ్చు. కాగితం పట్టుకుని చూడాలి, అచ్చు అక్షరాల తీరు చూడాలి, ముద్రాక్షరశాల పేరు చూడాలి, వెల అణాల్లో ఉందో పైసల్లో ఉందో చూడాలి. స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పడేసిన తెలుగు పుస్తకాలు బోలెడున్నాయి. తప్పు పేరుతో, తప్పు ఏడాదితో ఉండి దొరకనివీ వాటిలో చాలా ఉన్నాయి. నాకు నిజంగా బాధ కలిగించే విషయమిది. అచ్చయినదాన్ని చెదల నుంచి కాపాడి, కంప్యూటర్లో పోగొట్టుకుంటున్నాం.

ఈ నైపుణ్యానికి వెల కట్టేవాళ్లు ఉన్నారు. పత్రికల, టీవీ చానెళ్ల పాత భాండాగారాలకు మెటాడేటా రాసేవాళ్లు కావాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు తమ పత్రాలను వర్గీకరించేవాళ్లు కావాలి. అక్కడ మీ ఉద్యోగాన్ని నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అనో టాక్సానమీ అనో పిలుస్తారు. మన వర్గీకరణ పేపరే అది. వైద్య కళాశాలల్లో ఒక చికిత్స మీద వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి సమీక్షించేటప్పుడు వెతుకులాట తెలిసిన మనిషి పక్కన ఉండాలి. అమెరికాలోనూ ఈ పని ఉంది, అక్కడా మన పుస్తకాలున్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుంచి ఢిల్లీలో కార్యాలయం పెట్టి ఇక్కడి పుస్తకాలు కొని పంపుతోంది. చికాగో, విస్కాన్సిన్ లాంటి విశ్వవిద్యాలయాల్లో తెలుగు పుస్తకాలు ఎక్కువగా చేరింది ఆ దారినే. అటువైపు వెళ్లాలనుకునేవాళ్లు అక్కడి లైబ్రరీ సంఘం గుర్తించిన మాస్టర్స్ పట్టాను చాలా ఉద్యోగాలకు అడుగుతారని ముందే తెలుసుకుని బయల్దేరండి.

2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద సుమారు 13,000 అంతర్జాతీయ పరిశోధన పత్రికలు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు తెరుచుకున్నాయి. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయల ఖర్చు. మారుమూల ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మేడమ్ గారికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? లాగిన్ ఎలా చెయ్యాలో పక్కన కూర్చుని ఎవరు చూపించాలి? అంత డబ్బూ ఫలితమివ్వడం మీలాంటి ఒకరు ఆ కాలేజీలో ఉండడం మీద ఆధారపడి ఉంది.

కృత్రిమ మేధ వచ్చాక మనతో పనేముందని కూడా నిన్న ఒకరు అడిగారు. ఈ మధ్య ఒక పరిశోధక విద్యార్థి వ్యాసాల జాబితా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఎక్కడా దొరకడం లేదన్నాడు. రెండు రోజులు వెతికాను. పత్రికల పేర్లు నిజమే, సంపుటాల సంఖ్యలూ ఉన్నాయి, వ్యాసాలు మాత్రం ఎవరూ రాయలేదు. యంత్రం కల్పించి ఇచ్చింది. ఆ పిల్లవాడి మొహం వాడిపోయింది. తర్వాత ఇద్దరం కూర్చుని ఉన్నవాటిలోంచి అతనికి కావలసినవి తీశాం. లేనిది లేదని ధైర్యంగా చెప్పగలిగే మనిషి అవసరం ఇప్పుడు మరీ పెరిగింది.

మీలో ఈ కోర్సు కోరి చేరినవాళ్లు కొందరేనని, మరో సీటు రాక చేరినవాళ్లే ఎక్కువని నాకు తెలుసు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు లెక్కల మాస్టారు. ఆ నిశ్శబ్దంలో కూర్చోలేక, కొద్దిరోజులకే తన పాత కొలువు తనకిమ్మని అడిగారు. లండన్ వెళ్లి శిక్షణ తీసుకుని రండి, అప్పటికీ ఇష్టం లేకపోతే అలాగే చేద్దామన్నారు పెద్దలు. అక్కడి గ్రంథాలయాలు తిరిగి చూసి వచ్చాక ఆయన ఇక వెనక్కి చూడలేదు. 1931లో గ్రంథాలయ శాస్త్రపు ఐదు సూత్రాల పుస్తకం, 1933లో కోలన్ వర్గీకరణ వెలువరించారు. పని లోపలికి దిగాక పుట్టిన ఇష్టం ఆయనది. నాకూ అలాగే పుట్టింది.

పట్టా వచ్చాక చదువు ఆపకండి. గ్రంథాలయాల పనులు నడిపే కోహా సాఫ్ట్‌వేర్ ఉచితం. 2000 సంవత్సరం వస్తే తమ పాత కంప్యూటర్ వ్యవస్థ ఆగిపోతుందని భయపడిన న్యూజిలాండ్ గ్రంథాలయం ఒకటి దాన్ని తయారుచేయించుకుంది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. మీ ల్యాప్‌టాప్‌లో అది పెట్టుకుని, ఇంట్లో ఉన్న వంద పుస్తకాలు తెలుగు లిపిలో ఎక్కించండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే ఆ వంద రికార్డులు ఎక్కువ మాట్లాడతాయి. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల అచ్చుతప్పులు దిద్దండి. గ్రంథాలయ నెట్‌వర్క్ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ శిక్షణలకు దరఖాస్తు చెయ్యండి. వృత్తి సంఘంలో చేరండి. దానికి పెద్ద వయసు రానక్కర్లేదు. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశపు గ్రంథాలయాలవాళ్లంతా చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన సమావేశమయ్యారు. దాని వెనక ఉన్న అయ్యంకి వెంకట రమణయ్య గారికి అప్పటికి పాతికేళ్లు నిండలేదు. మీ ఈడువారే. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువలో పడవ మీద ఊరూరికీ పుస్తకాలు తీసుకెళ్లారు. పాఠకుడు రాలేడని తెలిసి పుస్తకమే బయల్దేరింది.

ఇంకో చిన్న పని, ఈ రాత్రికే చెయ్యగలిగింది. ఆర్కిడ్ అనే పదహారంకెల గుర్తింపు సంఖ్య పరిశోధకులకు ఉచితంగా ఇస్తారు, తీసుకోండి. దానికి ముందు మీ పేరు రోమన్ లిపిలో ఎలా రాయాలో నిర్ణయించుకుని, ఇకపై ప్రతిచోటా అలాగే రాయండి. కాసేపట్లో మిమ్మల్ని ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలుస్తారు. ఇంటిపేరుతో కలిపి పూర్తిగా చదవమని రిజిస్ట్రారు గారిని అడిగాను, సరేనన్నారు. అన్ని పేర్లూ వినేదాకా నేనిక్కడే కూర్చుంటాను.