పట్నం పటంలో మన వాడ ఎక్కడ?

(దళిత యువజనుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన విషయం పట్నం మాస్టర్ ప్లాన్. ఇది ఇంజనీర్ల సంగతి, మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ మనకు ఇది పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే. మంచినీళ్ళ బావి ఎటు ఉండాలె, బడి ఎవరి ఇండ్ల దగ్గర కట్టాలె, చచ్చిన గొడ్డును ఎటు ఈడ్చాలె, ఇవన్నీ ఊళ్ళో ఎవరూ కాగితం మీద రాయలేదు. రాయకుండానే అమలు చేశారు. పట్నంలో అదే పని కాగితం మీద, రంగులేసి చేస్తారు. దాన్నే జోనింగ్ అంటారు.

పటం మీద సాధారణంగా పసుపు అంటే ఇండ్లు. నీలం అంటే వ్యాపారం. ఊదా అంటే పరిశ్రమలు. ఆకుపచ్చ అంటే పార్కులు. ఎరుపు అంటే ప్రజా సదుపాయాలు: బడి, ఆస్పత్రి, ఆఫీసులు. చెత్త డంపు, మురికినీళ్ళు శుద్ధి చేసే కేంద్రం కూడా పట్నానికి కావలసిన సదుపాయాలే. అవి వద్దని మేము అనం. కానీ ఆస్పత్రి ఎవరి గడప ముందు, చెత్త ఎవరి గడప ముందు అన్నదే మన ప్రశ్న.

హైదరాబాదు పక్కన జవహర్‌నగర్ చూడండి. ఇరవై ఏండ్లకు పైగా పట్నం చెత్త అక్కడికే పోయింది. 300 ఎకరాలకు పైగా డంపు. చెత్త నుంచి కారిన నల్లటి ఊట మల్కారం చెరువులో కలిసింది. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాదు చేసినప్పుడు జవహర్‌నగర్‌ను కలుపుకోలేదు. 2019లో అది వేరే కార్పొరేషన్ అయింది. అంటే చెత్త గ్రేటరుది, కంపు జవహర్‌నగర్‌ది. అన్నేండ్లూ ఆ గ్రేటరు ఎన్నికల్లో అక్కడి పేదలకు ఓటు లేకుండె. ఎవరిని నిలదీసేవారు?

ఇక పల్లెల్లో ఉన్న మనకేం సంబంధం? పట్నం పెరిగేది పల్లెల మీదికే. ప్రభుత్వానికి జాగా కావాలంటే ముందు కన్ను పడేది మన అసైన్డు భూమి మీద. ‘సర్కారు ఇచ్చిందే కదా, సర్కారు తీసుకుంటది’ అంటారు. అది చెల్లదు. అసైన్డు భూమిని ప్రజావసరానికి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో చెప్పింది. ఈ మాట మన ప్రతి వాడకూ తెలవాలె.

కొలతలు కూడా తెలుసుకోవాలె. కేంద్ర ప్రభుత్వం 2014లో ఇచ్చిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాల ప్రకారం 5,000 జనాభాకు ఒక ప్రాథమిక పాఠశాల, 15,000 జనాభాకు ఒక డిస్పెన్సరీ ఉండాలె. మన బస్తీల్లో జనాన్ని లెక్కబెట్టండి, బడులను లెక్కబెట్టండి. తేడా ఎంతో రాసి ఆఫీసులో పెట్టండి. నోటిమాటను తోసేస్తారు. లెక్కను తోసెయ్యడం అంత తేలిక కాదు.

కొట్లాడితే పటం మారుతుందా? మారుతుంది. కామారెడ్డిలో ముసాయిదా మాస్టర్ ప్లాన్ తమ భూములను పారిశ్రామిక జోన్‌లో చూపిందని రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. వాళ్ళకు భూమి ఉంది, గొంతు ఉంది. గుడిసె తప్ప ఏమీ లేని మనోళ్ళు ఇంకా గట్టిగా కూడాలె.

మనం చెయ్యాల్సినవి నాలుగు. ఒకటి, ముసాయిదా పటం వచ్చిన్నాడే తెచ్చి మన సర్వే నంబర్లకు ఏ రంగు వేశారో చూడాలె. రెండు, నోటీసులో ఇచ్చిన గడువు లోపల అభ్యంతరం తెలుగులోనే రాసిచ్చి రసీదు తీసుకోవాలె. గడువు దాటినంక ఏడిస్తే లాభం లేదు. మూడు, మధ్యలో ఎవరి భూమికైనా రంగు మార్చితే ఆ ఫైలును 2005 సమాచార హక్కు చట్టం కింద అడగాలె. నాలుగు, వద్దన్నవాటితో ఆగకుండా కావలసినవి అడగాలె: బడి, దవాఖాన, అంగన్‌వాడీ, బొందలగడ్డకు జాగా.

బాబాసాహెబ్ మనల్ని పల్లె వదిలి పట్నం పొమ్మన్నది, ఊరవతల బతుకు తప్పుతదని. పట్నం కూడా మనల్ని తన అవతలే పెడితే ఊరుకుందామా? వచ్చే పక్షానికల్లా ప్రతి సంఘం తమ వాడ పటం చేతితో గీసుకొని రావాలె. పంతుళ్ళం మేమున్నాం, గీయడం నేర్పుతాం.

జై భీమ్!