సొంత ఇల్లు: అనుమతి పత్రం వేరు, హక్కు పత్రం వేరు



ఈ ప్రాంతంలో సొంత ఇల్లు కట్టుకోదలచిన ముస్లిం కుటుంబాలు ఏయే విషయాల్లో జాగ్రత్త పడాలో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. హక్కుల సభలో ఇంటి ప్లాను గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని తలదాచుకునే గూడు లేనివాడికి మిగిలిన హక్కులన్నీ దూరంగానే ఉంటాయి. ఉన్న గూడు కాగితం లోపం వల్ల కూలిపోతే ఆ కుటుంబం ఒక తరం వెనక్కి పోతుంది. కనుక ఇది హక్కుల సమస్యే.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తరువాత హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మణికొండ ఎలా మారిపోయాయో మీరంతా కళ్ళారా చూశారు. ఆ మేడలకు సెంట్రింగ్ కొట్టినవారిలో, కరెంటు తీగలు లాగినవారిలో, ఉద్యోగులను కార్లలో చేరవేసినవారిలో మనవారు చాలామంది ఉన్నారు. ఇప్పుడు మన పిల్లలు కొందరు అదే మేడల్లో ఇంజనీర్లుగా పనిచేస్తున్నారు. ఇరవై ఏళ్ళు అద్దె ఇళ్ళలో గడిపి, పైసా పైసా కూడబెట్టి, వంద గజాల స్థలం కొనే దశకు ఈ కుటుంబాలు చేరుకున్నాయి. ప్రమాదం సరిగ్గా ఇక్కడే పొంచి ఉన్నది.

నేడు నేను చెప్పదలచినది ఒక్కటే. నిర్మాణ అనుమతి వచ్చినంత మాత్రాన ఆ నేల మనదని రుజువు కాదు. ఎలా కట్టాలో చెప్పడం అనుమతి పని. నేల ఎవరిదో తేల్చడం దాని పని కాదు. ఈ భేదం తెలియక మోసపోయిన పేదవారు ఎందరో ఉన్నారు.

అనుమతి విధానం ఎలా మారిందో ముందుగా చూద్దాం. 2020లో తెలంగాణ శాసనసభ టీఎస్ బీపాస్ చట్టాన్ని చేసింది. దాని ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకునేవారికి అనుమతి అవసరం లేదు. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే చాలు. 75 నుంచి 600 చదరపు గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు నివాస గృహాలకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే తక్షణ అనుమతి లభిస్తుంది. అంతకు మించినవాటికి 21 రోజుల గడువు ఉన్నది. 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త వేదిక వచ్చింది. వేదిక మారినా స్వీయ ధ్రువీకరణ సూత్రం మారలేదు.

ఇది మంచి మార్పే. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది. చేతులు తడిపే అవసరమూ తగ్గింది. కాని స్వీయ ధ్రువీకరణ అంటే ఏమిటో గ్రహించాలి. ఇదివరకు అధికారి చూసి, కొలిచి, సంతకం చేసేవాడు. ఇప్పుడు ఆ సంతకం మనది. ఈ స్థలం నాదే, ఇది చెరువులో లేదు, ప్రభుత్వ భూమి కాదు, నిషేధిత జాబితాలో లేదు అని మనమే ప్రమాణం చేస్తున్నాం. ఆ మాట అబద్ధమని తేలినా, ప్లానును మీరి కట్టినా, ముందస్తు నోటీసు లేకుండానే కూల్చే అధికారాన్ని ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. ఇంగ్లీషు చదవడం రాని మన మేస్త్రీ అన్న, నెట్ సెంటర్ కుర్రాడు నింపిన ఫారం మీద సంతకం చేసి వస్తున్నాడు. తాను దేనికి పూచీ పడ్డాడో అతనికి తెలియదు.

ఇక నేల సంగతి. ఈ కారిడార్‌లో స్థలం కొనేవారు మణికొండ ఉదంతాన్ని తప్పక తెలుసుకోవాలి. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినవంటూ మణికొండ జాగీర్‌లోని 1654 ఎకరాల 32 గుంటల భూమిని వక్ఫ్ ఆస్తిగా చూపుతూ 2006 మార్చి 13న వక్ఫ్ బోర్డు సవరణ ప్రకటన వెలువరించింది. 1989 నాటి ప్రకటనలో దర్గాకు చూపినది 5506 చదరపు గజాలే. అప్పటికే ఆ భూముల్లో లాంకో హిల్స్, ఇన్ఫోసిస్, విప్రో, మైక్రోసాఫ్ట్, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వంటి సంస్థలకు ప్రభుత్వ కేటాయింపులు జరిగాయి. 2012లో హైకోర్టు బోర్డు పక్షాన నిలిచింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి, 2006 ప్రకటన చెల్లదనీ, ఆ భూమి ప్రభుత్వానిదనీ తేల్చింది.

ఆ తీర్పు మనలో చాలామందిని బాధపెట్టింది. ఆ బాధను నేను కాదనను. కాని ఈనాటి విషయానికి సంబంధించి అందులో ఒక పాఠం ఉన్నది. పదహారేళ్ళు ఆ భూమిపై సందేహపు నీడ పడి ఉన్నది. పెద్ద సంస్థలు పెద్ద వకీళ్ళను పెట్టుకుని ఆ పదహారేళ్ళనూ దాటాయి. అటువంటి వివాదంలో చిక్కిన సర్వే నంబరులో వంద గజాలు కొన్న ఆటో డ్రైవరు పదహారు నెలలైనా నిలబడగలడా? వక్ఫ్ భూమి మీద మన సమాజానికి రెట్టింపు బాధ్యత ఉన్నది. దానిని కాపాడమని ప్రభుత్వాన్ని నిలదీసే మనమే, చవకగా వచ్చిందని దానిని ముక్కలుగా కొనకూడదు. 2013 సవరణతో వచ్చిన 104ఎ సెక్షన్ వక్ఫ్ ఆస్తి అమ్మకాన్ని నిషేధించింది. నోటరీ కాగితం మీద అమ్మేవాడు తనది కానిదాన్ని అమ్ముతున్నాడు. పరుల నేలను జానెడు కూడా ఆక్రమించరాదన్న ప్రవక్త హెచ్చరిక మనకు కొత్త కాదు.

నోటరీ మాట వచ్చింది కనుక మరొక తీర్పు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అమ్మకపు ఒప్పందం, వీలునామా అనే మూడు కాగితాలతో జరిగే అమ్మకం యాజమాన్య హక్కును బదిలీ చేయదని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్టరైన విక్రయ దస్తావేజుకు మారు లేదు.

చెరువుల సంగతి అంతకంటె తీవ్రమైనది. 2024 జులైలో హైడ్రా ఏర్పడింది. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంటలో ఎన్ కన్వెన్షన్‌ను కూల్చింది. అదే నెలలో దుర్గం చెరువు ఒడ్డున ఉన్న ఇళ్ళకు నోటీసులు అందాయి. సెప్టెంబరులో సున్నం చెరువు వద్ద కూల్చివేతలు జరిగాయి. అనుమతులిచ్చిన కొందరు అధికారులపైనా కేసులు నమోదయ్యాయి. కాని అధికారిపై కేసు పెట్టినంత మాత్రాన కూలిన గోడ తిరిగి లేవదు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన విస్తీర్ణం గల చెరువుకు పూర్తిస్థాయి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకంటె చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. నాలా వెడల్పు 10 మీటర్లు మించితే 9 మీటర్లు, తక్కువైతే 2 మీటర్లు విడిచిపెట్టాలి. వేసవిలో ఎండి మైదానంలా కనిపించే కుంటను చూసి మోసపోకండి. హెచ్ఎండీఏ చెరువుల పటంలో ఆ సర్వే నంబరు ఎక్కడ పడుతుందో చూడండి.

బుల్డోజరు కూల్చివేతలపై 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మనం హర్షించాం. కూల్చే ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని అది ఆదేశించింది. అయితే రోడ్లు, జలాశయాలు వంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని ఆ తీర్పులోనే ఉన్నది. ఈ రెండవ భాగాన్ని మన ఉపన్యాసాల్లో తరచుగా విస్మరిస్తున్నాం.

ఇప్పుడు ఇంటి లోపలి సంగతి చెబుతాను. ఇది మా ఇంట్లో జరిగినదే. మా దాదాగారు తమ స్థలాన్ని మా తండ్రిగారికి నోటి మాటతో హిబా చేశారు. ముస్లిం చట్టంలో ప్రకటన, స్వీకారం, స్వాధీనం ఉంటే హిబా చెల్లుతుంది. రాసుకున్నా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని హఫీజా బీబీ కేసులో 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళినదే. కాని మా తండ్రిగారు పోయిన తరువాత మేము ప్లానుకు దరఖాస్తు చేయబోతే రికార్డులో దాదాగారి పేరే ఉన్నది. హిబాకు సాక్షులుగా ఉన్న పెద్దలు ఎవరూ మిగలలేదు. వారసులందరి సంతకాలు కావాలన్నారు. మా ఫుప్పమ్మ దగ్గరకు వెళ్ళాం. ఆమె కాగితం వంక చాలాసేపు చూసి, "నలభై ఏళ్ళలో నా వాటా ఏదని అడగడానికి ఒక్కరూ రాలేదు బేటా. సంతకం కోసం మాత్రం నలుగురూ కలిసి వచ్చారు" అన్నది. మాకు నోట మాట రాలేదు. దాదాగారి మిగతా ఆస్తిలోనూ ఆమెకు రావలసినది ఎవరూ ఇవ్వలేదని అప్పుడు లెక్క తీస్తే తెలిసింది. ఆమె వాటా చెల్లించి, హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించేసరికి పద్నాలుగు నెలలు గడిచాయి. ఇల్లు ఆలస్యమైంది. కాని ఎవరి హక్కూ తొక్కకుండా కట్టుకున్నామన్న తృప్తి మిగిలింది. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ రుణ లావాదేవీలను రాసిపెట్టుకొమ్మని చెప్పేదని మనకు తెలుసు. ఆ అలవాటును మనం ఆస్తి పంపకాల్లో ఎందుకు పాటించడం లేదు?

ఇక నిర్మాణంలో తీసుకోవలసిన నిర్ణయాలు. వడ్డీకి దూరంగా ఉండాలని మనలో చాలామంది ఒక అంతస్తు కట్టి, నాలుగేళ్ళు ఆగి, మరొకటి కడతారు. ఆ నియమం గౌరవించదగినదే. కాని ఈ స్థాయి ఇళ్ళకు అనుమతి గడువు మూడేళ్ళే. కనుక పునాదీ పిల్లర్లూ రెండంతస్తులకు సరిపడా వేసుకోండి. గడువులో పూర్తి చేయగలిగినంతకే అనుమతి తీసుకోండి. పై అంతస్తుకు డబ్బు చేకూరిన నాడు మళ్ళీ దరఖాస్తు చేయండి. పాత కాగితం ఉన్నదిలే అని స్లాబు వేయకండి.

మన బస్తీల్లో దారులు ఇరుకు. 30 అడుగులకు తగ్గిన దారి మీద కట్టేవారు రోడ్డు విస్తరణకు స్థలం వదలవలసి వస్తుంది. ఆపైన ముందు, పక్కల ఖాళీలు విడవాలి. వంద గజాలు కొంటే వంద గజాలూ కట్టుకోలేము. ఈ లెక్క కొనకముందే వేసుకోవాలి. మణికొండ, ఖాజాగూడ వైపు నేల కింద బండ ఉంటుంది. దానిని తొలిచే ఖర్చు తెలియకుండా మేస్త్రీతో మొత్తం ధర మాట్లాడుకోకండి. ఏ దశకు ఎంత చెల్లించాలో రాసుకోండి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఈ ప్రాంతంలో ఇంకుడు గుంతను అధికారి కోసం కాక మీ బోరు కోసం తవ్వుకోండి.

కొనే ముందు చూడవలసినవి మళ్ళీ చెబుతాను. రిజిస్ట్రేషన్ శాఖలో ఈసీ తీయించాలి. 22ఎ నిషేధిత జాబితాలో, వక్ఫ్ గెజిట్‌లో ఆ సర్వే నంబరు ఉన్నదేమో చూడాలి. చెరువుల పటం చూడాలి. లేఅవుట్‌కు ఆమోదం ఉన్నదా, లేకుంటే ఎల్ఆర్ఎస్ జరిగిందా అని అడగాలి. ఆ పథకానికి 2020 ఆగస్టు 26 కటాఫ్ తేదీ అని గుర్తుంచుకోవాలి. గండిపేట వైపు కొనేవారు 1996 నాటి జీవో 111 పరిధిలోని 84 గ్రామాల పేర్లు తెలుసుకోవాలి. 2022లో సడలింపు జీవో వచ్చిందని మధ్యవర్తి చెప్పగానే నమ్మక, అక్కడ ప్రస్తుతం వర్తించే నిబంధన ఏదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

చివరిగా, భారమంతా పేదవాని మీదనే మోపడం న్యాయం కాదు. వక్ఫ్ బోర్డు తన ఆస్తులను సర్వే నంబర్లవారీగా, పటాలతో సహా తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రతి మసీదు గోడ మీదా అంటించాలి. స్వీయ ధ్రువీకరణ ఫారం ఈ రెండు భాషల్లోనూ ఉండాలి. ప్రభుత్వమే రిజిస్ట్రేషన్ రుసుము తీసుకుని, ప్రభుత్వమే అనుమతి ఇచ్చి, ప్రభుత్వమే పన్ను వసూలు చేసిన చిన్న ఇంటిని కూల్చవలసి వస్తే ఆ కుటుంబానికి ముందుగా పునరావాసం చూపాలి. ఇవి మన డిమాండ్లు.

మసీదు కమిటీల బాధ్యులకు ఒక విన్నపం. నెలకు ఒక ఆదివారం జుహర్ తరువాత ఒక గది, ఒక కంప్యూటరు, మన ఇంజనీరు పిల్లలలో ఇద్దరు, ఒక వకీలు. ఇంతే కావాలి. బయానా ఇచ్చే ముందు ఎవరైనా తమ కాగితాలు తెచ్చి చూపించుకునే వీలు కలుగుతుంది. మొదటి ఆదివారం నేను వస్తాను. తేదీ మీరు నిర్ణయించండి.

వస్సలాము అలైకుమ్.