మెట్ల వాద్యము – తొలిపాఠము



గ్రంథాలయ రజతోత్సవమున సంగీతవాద్యమును గూర్చిన ప్రసంగ మేల యని కొందఱకు తోచవచ్చును. అక్షరములు నేర్చినవాడెల్ల కవి కానట్లే మెట్లు నొక్కనేర్చినవాడెల్ల సంగీతజ్ఞుడు కాడు. అయినను అక్షరాభ్యాసము లేనిదే కావ్యపఠనము లేదు. సంగీతమున అట్టి యక్షరాభ్యాసమే నేటి ప్రసంగమునకు విషయము.

ఒకప్పుడు హార్మోనియము కూర్చున్న చోట నేడు విద్యుత్తుతో పలుకు కీబోర్డు కూర్చున్నది. భజనమందిరమునను అదియే, పద్యనాటక రంగమునను అదియే. పిల్లవాడు ముచ్చటపడెనని తండ్రి ధాన్య మమ్మిన సొమ్ముతో ఒకటి కొనితెచ్చును. పదిదినములు ఇల్లంతయు మ్రోగును. మూడవ నెలకు అది గుడ్డ కప్పుకొని బీరువా పైకెక్కును. "మావానికి సంగీతము రాదు" అని యింటివారు తీర్పు చెప్పుదురు. ఆ యింటనే తాతగా రొకరుందురు. బాల్యమున నాటకపు పందిరిలో ముందువరుసను కూర్చుండి, నటుని ముఖమును గాక హార్మోనియముపై పరుగులిడు వ్రేళ్లనే చూచి మురిసినవాడాయన. సంసారభారమున ఆ కోరిక అడుగంటినది. నేడు మనుమనికై తెచ్చిన వాద్యమును తాకుటకు ఆయనకు సిగ్గు. ఒకే వాద్యమువలన ఇద్దఱు నిరాశపడుచున్నారు. లోప మిద్దఱియందును లేదు. ఆ వాద్యము ఏమి యీయగలదో, ఏమి యీయజాలదో ఎవరును వారికి చెప్పకపోవుటయే లోపము.

ముందుగా దీని పుట్టుక తెలియవలెను. 1842లో ఫ్రాన్సు దేశమున అలెగ్జాండరు డెబేను హార్మోనియమునకు పేటెంటు పొందెను. అది కాళ్లతో తిత్తులు త్రొక్కుచు వాయించు వాద్యము. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున కలకత్తాలో ద్వారకానాథ ఘోషు దానిని నేలపై కూర్చుండి, ఒకచేత తిత్తి ఊదుచు మఱియొకచేత వాయించుటకు వీలుగా మార్చెను. ఆ హార్మోనియమే నాటకసమాజముల వెంట తెలుగునాట ఊరూర తిరిగినది. 1980లో జపాను దేశపు క్యాసియో సంస్థ గృహములకు అందుబాటగు విద్యుత్ కీబోర్డును విపణికి తెచ్చెను. తిత్తి పోయినది, లోని రేకులు పోయినవి, మెట్ల వరుస మాత్రము మారలేదు.

సాధారణముగా కీబోర్డున కుండు మెట్లు 61. అందు తెల్లనివి 36, నల్లనివి 25. ఇన్ని మెట్లను చూచి తొలిదినముననే బెదరువారు కలరు. బెదర పనిలేదు. ఏడు తెల్లమెట్లు, అయిదు నల్లమెట్లు కలిసి పండ్రెండు. ఈ పండ్రెండే స్థాయికొకమాఱు తిరిగి తిరిగి వచ్చుచున్నవి. నల్లమెట్లు రెండు నొకచోట, మూడు నొకచోట గుంపులుగా నుండును. రెంటి గుంపునకు ఎడమప్రక్క నున్న తెల్లమెట్టు ఒకటవ శ్రుతి. దానిప్రక్క నల్లమెట్టు ఒకటిన్నర, తరువాతి తెల్లమెట్టు రెండు. "ఆయనది రెండున్నర శ్రుతి" అని నాటకము చూచివచ్చినవారు చెప్పుకొను మాట ఈ మెట్ల లెక్కయే. మూడునకును నాలుగునకును నడుమ నల్లమెట్టు లేదు గనుకనే మూడున్నర శ్రుతి యను మాట ఎవ్వరి నోటను వినబడదు.

ఇక తొలిపాఠము. కర్ణాటక సంగీతమున సరళీవరుసలను మాయామాళవగౌళ రాగమున నేర్పుట ఆచారము. 16వ శతాబ్దివాడగు పురందరదాసు ఈ క్రమము నేర్పఱచెనని సంప్రదాయము చెప్పుచున్నది. 72 మేళకర్తలలో ఇది 15వది. దీని యోగ్యత మెట్లపై కంటికే కనబడును. ఒకటవ శ్రుతిని షడ్జముగా గొన్నచో దానిని ఆనుకొనియున్న నల్లమెట్టు రిషభము. రెండు మెట్లు విడిచినచో గాంధారము. గాంధారము నానుకొనియే మధ్యమము. పంచమము మొదలు పై షడ్జము వఱకు మరల ఇదే కొలత: ప్రక్కమెట్టున ధైవతము, రెండు మెట్లు విడిచి నిషాదము, దాని నానుకొని షడ్జము. పూర్వార్ధమును నేర్చినవాడు ఉత్తరార్ధమును సగము నేర్చినట్లే.

వ్రేళ్లకును క్రమము కలదు. కుడిచేతి బొటనవ్రేలు షడ్జమునకు, చూపుడువ్రేలు రిషభమునకు, నడిమివ్రేలు గాంధారమునకు. పిమ్మట బొటనవ్రేలు నడిమివ్రేలి క్రిందుగా జరిగి మధ్యమమును అందుకొనవలెను. పంచమమునకు చూపుడువ్రేలు, ధైవతమునకు నడిమివ్రేలు, నిషాదమునకు ఉంగరపువ్రేలు, పై షడ్జమునకు చిటికెనవ్రేలు. అయిదువ్రేళ్లతో ఎనిమిది స్వరములను తడబడక పలికించు రహస్యము ఆ బొటనవ్రేలి జరుగుబాటులోనే యున్నది. ఒక్క చూపుడువ్రేలితో పొడుచుట కలవాటుపడినవాడు తరువాత దానిని మానుటకు నెలలు శ్రమపడవలసివచ్చును.

తాళమునకు వాద్యమునందే లయ చూపు బొత్తాము కలదు. దానిని నిమిషమునకు 60 దెబ్బలకు నిలిపి, దెబ్బకొక స్వరము పలికించినచో ఆదితాళపు ఎనిమిది క్రియలు ఎనిమిది సెకనులలో ముగియును. అది మొదటి కాలము. మొదటి కాలము నిలువక రెండవ కాలమునకు పోరాదు. ఆదివారమునాడు మూడుగంటలు వాయించి ఆఱుదినములు మఱచుటకంటె దినమున కరగంట మేలు. చెవికి తగిలించుకొను పరికర మున్నది గనుక రాత్రివేళ ఇంటివారి నిద్ర చెడదు. తాతగారి సిగ్గునకును అది మంచి తెర.

వాద్యముతోపాటు ఒక ప్రలోభమును ఇంటికి వచ్చును. ఒక బొత్తాము నొక్కినంతనే డోలు, తంత్రులు, పిల్లనగ్రోవి అన్నియు తమంత తామే మ్రోగును. బాలుడు వాయించినది ఒక్క మెట్టు, వినబడినది పెద్ద మేళము. బంధువులు చప్పట్లు కొట్టుదురు. తాను నేర్చినది స్వల్పమని పిల్లవానికి తెలియును. తెలిసికొలది ఉత్సాహము చచ్చును. మూడవ నెలలో గుడ్డ కప్పుటకు ఇదియే ముఖ్యకారణము. తొలి యేడాది ఆ బొత్తాముల జోలికి పోకుండుట క్షేమము.

ఇక వాద్యము ఈయజాలనివి. మెట్లవాద్యమున స్థాయి పండ్రెండు సమభాగములుగా పంచబడినది. షడ్జమునకు సెకనుకు 240 కంపనము లున్నచో, తంబురానాదమున సహజముగా తోచు అంతరగాంధారమునకు 300 ఉండును. కీబోర్డున 302 దాటును. పంచమమునకు 360 ఉండవలసిన చోట కించిత్తు తగ్గును. ఇది స్వల్పము, తొలివిద్యార్థికి బాధకము కాదు.

పెద్దలోపము వేఱు. వీణపై తీగను లాగవచ్చును, వయొలినుపై వ్రేలిని జార్చవచ్చును. మెట్టుపై అది సాగదు. నొక్కినచో పలుకును, విడిచినచో ఆగును. స్వరమునకును స్వరమునకును నడుమ నడక లేదు. గమకములేని కర్ణాటకరాగము ప్రాణములేని విగ్రహము. ఈ కారణముననే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియమును బహిష్కరించెను. సుమారు మూడు దశాబ్దముల తరువాతగాని ఆ కట్టడి సడలలేదు. నేటి కీబోర్డులలో పెక్కింటికి స్వరమును వంచు చక్రము కలదు. దానితో గమకమును సాధించిన విద్వాంసులును కలరు. కాని అది సాధకుని ఫలము, తొలివిద్యార్థి పని కాదు.

పొలమునకు సరిహద్దురాళ్లు నాటుదురు. రాళ్లు లేనిచో ఎవరి నేల ఎంతవఱకో తెలియదు. అయినను పైరు రాళ్లపై పండదు. రాళ్ల నడుమనున్న నేలలో పండును. కీబోర్డు మెట్లు స్వరమునకు సరిహద్దురాళ్లు. సంగీత మా నడిమి నేల. కావున ప్రతి స్వరమును వ్రేలితో పలికించిన పిమ్మట కంఠముతో పలుకవలెను. మెట్టు హద్దు చూపును. కంఠము నేల దున్నును. ఈ యొక్క నియమమును పాటించువానికి కీబోర్డు చక్కని తొలిగురువు. పాటింపనివానికి అది మ్రోగెడి పెట్టె. గమకము పట్టుపడు నాటికి మాత్రము మనుష్యగురువును ఆశ్రయింపక తప్పదు.

ఈ మాటయే గ్రంథమునకును చెల్లును. 1904లో ఎట్టయపురమున అచ్చయిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలో వెలసినది. స్వరములను వ్రాసి యూరకొనక, గమకములకు సైతము గుర్తులేర్పఱచి ఆయన వానిని అచ్చువేయించెను. అచ్చులోని గుర్తు పాడదు. అయినను, పాడనేర్చినవాడు దానిని చూచినప్పుడు విననట్టి తరములనాటి నాద మాతని కంఠమున పలుకును. పుస్తకమైనను మెట్లవాద్యమైనను హద్దును నిలిపి యుంచును, నింపవలసినవాడు నేర్చువాడే.

కావున బీరువాపై గుడ్డ కప్పుకొనియున్న వాద్యమును నేటి సాయంకాలమే దింపుదురుగాక. మనుమడు షడ్జము నొక్కగా తాత దానిని పాడవలెను. తాత నొక్కగా మనుమడు పాడవలెను. ఇద్దఱును తప్పు పలుకుదురు. తప్పు చెవికి తెలిసిన దినముననే విద్య ఆరంభమైనట్లు. ఆ పాఠమునకు ఏడేండ్ల వయస్సు ముందు కాదు, ఏబదియేండ్ల వయస్సు ఆలస్యము కాదు.

స్వస్తి.