కొత్త చేతులకు డాంగ్ అడవి బాట
(బమ్రోలిలో జరిగిన కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగం)



"బమ్రోలి వచ్చి జీపు గురించేమిటయ్యా, మగ్గాల గురించి మాట్లాడు" అన్నారు ఇందాక ఒక సుబేదార్ సాబ్. నిజమే, ఇక్కడ తెల్లారింది మొదలు పవర్‌లూమ్ చప్పుడే. కానీ మన పిల్లలు పాత జిప్సీ కొని అడవికి పోతామంటున్నారు. అందుకే చెబుతున్నా.

బార్డోలీ, వ్యారా దాటి వెళితే డాంగ్ జిల్లా. పూర్ణా నది ఒడ్డున మహాల్, చుట్టూ టేకు, వెదురు. 1990లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు, సుమారు 160 చదరపు కిలోమీటర్లు. లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. కొత్తవాళ్లకు ఊళ్లను కలిపే మట్టిరోడ్లే చాలు. బాట వదిలి చెట్ల మధ్యకు బండి పోనివ్వకండి.

మట్టి మొదలయ్యేచోటే ఫోర్ వీల్ వెయ్యాలి, ఇరుక్కున్నాక కాదు. తారు రాగానే తీసెయ్యాలి. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు కదా, పొడి తారు మీద ఆ బిగుతంతా గేర్ల మీద పడుతుంది. దిగుడులో లో రేంజి, ఫస్టు గేరు. క్లచ్ తొక్కొద్దు, ఇంజనే పట్టి దింపుతుంది. బొటనవేళ్లు స్టీరింగ్ లోపలికి దూర్చొద్దు. జోంగా నడిపినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు!

ఇక వాగులు. నేను నాయక్‌గా ఉన్నప్పుడు మోకాలి లోతే కదా అని, నడిచి చూడకుండా బండి దింపాను. నడిమధ్యలో ఇంజను నీళ్లు పీల్చి ఆగిపోయింది. పక్కనున్న కుర్రాడు దిగబోతే ప్రవాహం కాళ్లు లాగేసింది. వెనక స్పేర్ చక్రం పట్టుకుని వేలాడాడు. గట్టు మీదివాళ్లు తాడు విసిరారు గనక బతికాడు. వాళ్ల అమ్మకు నేనేం జవాబు చెప్పేవాణ్ణి?

డాంగ్‌లో ఎగువన వాన పడితే, మన నెత్తిన ఎండ ఉండగానే వాగు పొంగుతుంది. పారే నీళ్లు రెండడుగులుంటే జీపునైనా తోసేస్తాయి. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే ఆగండి, లేదా వెనక్కి రండి. అసలు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం మేలు. ఎండాకాలం రాలిన టేకాకుల మీద వేడి సైలెన్సర్‌తో బండి ఆపితే అంటుకుంటుంది.

రెండు బళ్లు, ఒక మంచి తాడు, చీకటి పడకముందే తిరుగుప్రయాణం. దారిలో నాగ్లీ రొట్టె దొరికితే తినండి. మన రాగులే!